బీన్స్ తాళింపు: నూనె తక్కువ, పచ్చదనం పోకూడదు, పప్పుచారులోకి ఏ పద్ధతి మేలు?

పెన్నాతీరం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. పప్పుచారు, రసం, పెరుగన్నంలోకి నంజుకోవడానికి బీన్స్‌తో తేలికైన కూర కావాలి. మసాలాలు, ఎర్రగడ్డ (ఉల్లిపాయ) గుజ్జు వద్దు. నలుగురికి పావుకిలో బీన్స్, నూనె రెండు టీస్పూన్లు మించకూడదు. ఇబ్బందులు మూడు. పొయ్యి మీద పెట్టినప్పుడు పచ్చగా ఉన్న కాయ దించేసరికి బూడిద రంగుకు తిరుగుతోంది. కొన్ని ముక్కలు మెత్తబడితే కొన్ని రబ్బరులా సాగుతున్నాయి. నూనె తగ్గిస్తే తాళింపు మాడుతోంది. కొలతలు, నిమిషాలతో సహా చెప్పగలరా?

వంటింటి లెక్క (ఒంగోలు)

మొదటి రెండు ఇబ్బందులకూ మూలం ఒకటేనండీ. కాయ ఉడికే సమయం, బాణలిలో నీళ్ళు ఇగిరే సమయం కలవడం లేదు. నీళ్ళు ముందు ఇగిరిపోతే కాయ రబ్బరులా ఉండిపోతుంది. కాయ ఉడికాక కూడా నీళ్ళు మిగిలితే, అవి ఇగిరేదాకా పొయ్యి మీదే ఉంచుతాం కాబట్టి రంగూ పోతుంది, మెత్తగానూ అవుతుంది. ఈ రెండూ ఒకే క్షణానికి వచ్చేలా చూసుకుంటే చాలు.

పావుకిలో బీన్స్‌కు లెక్క ఇది. రెండు కొనలూ తుంచి, నార ఉంటే లాగేసి, అర సెంటీమీటరు ముక్కలుగా తరగండి. ముక్కలన్నీ ఒకే కొలతలో ఉండాలి. కొన్ని మెత్తబడి కొన్ని గట్టిగా ఉండటానికి సగం కారణం తరగడంలోనే ఉంది. నూనె 2 టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను, నీళ్ళు పావు కప్పు, అంటే 60 మిల్లీలీటర్లు. అడుగు వెడల్పుగా ఉన్న బాణలి తీసుకోండి. లోతు బాణలిలో ముక్కలు గుట్టగా పడి, అడుగువి ఉడికి పైవి ఉడకవు.

పోపు వేగాక ముక్కలు వేసి, ఉప్పు చల్లి, పెద్ద మంట మీద ఒక నిమిషం తిప్పండి. నీళ్ళు పోయండి. కుతకుత మనగానే మంట మధ్యస్థానికి తగ్గించి మూత పెట్టండి. నాలుగో నిమిషంలో ఒక ముక్క కొరికి చూడండి. లేత కాయ అప్పటికే ముప్పాతిక భాగం ఉడికి ఉంటుంది, ముదురుదైతే ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. మూత తీశాక మూడు నిమిషాల్లో మిగతా నీళ్ళు ఇగిరిపోవాలి. మొత్తం 8 నుంచి 10 నిమిషాల పని. నీళ్ళు తక్కువయ్యాయనిపిస్తే ఒక టేబుల్ స్పూను వేడినీళ్ళు చిలకరించండి. చన్నీళ్ళు పోస్తే ఉడుకు ఆగి, సమయం పెరుగుతుంది.

ఇక రంగు. కాయలోనే సహజంగా కొంచెం ఆమ్లం ఉంటుంది. వేడికి అది బయటికొచ్చి పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తప్పిస్తుంది. అప్పుడే ఆ బూడిద రంగు వస్తుంది. మూత మూసి ఉన్నంతసేపూ ఆ ఆమ్లం ఆవిరితో బయటికి పోకుండా, మూతకు పట్టి చుక్కలుగా మళ్ళీ కూరలోకే దిగుతుంది. అందుకని మూత ఐదారు నిమిషాలకు మించి ఉంచవద్దు. చింతపండు, టమాటా, నిమ్మకాయ ఏదైనా సరే ఉడికేటప్పుడు వేయవద్దు. అవి రంగును చెడగొట్టడమే కాదు, కాయను మెత్తబడనివ్వవు కూడా. పులుపు కావాలంటే దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండుకోండి.

ఎర్రగడ్డ తెల్లగడ్డ (బుచ్చిరెడ్డిపాళెం)

మా పక్క తాళింపు అంటే కూర పేరే అది. బీన్స్ తాళింపు, బీరకాయ తాళింపు అంటాం. ఆవాలూ మినప్పప్పూ వేసేదాన్ని తిరగమోత అంటాం. పెన్నాతీరం గారికి మాడేది తిరగమోతే అనుకుంటున్నా.

నూనె రెండు టీస్పూన్లే అయినప్పుడు వెడల్పు బాణలిలో అది పల్చగా పరుచుకుపోతుంది. గింజ మునగదు. మునగని గింజ ఒక పక్క నల్లబడి ఇంకో పక్క పచ్చిగా ఉంటుంది. దానికి ఉపాయం ఏందంటే, బాణలిని ఒక పక్కకు వంచి నూనెంతా ఒకచోట చేర్చి, ఆ మడుగులో తిరగమోత వేయాలి. ముందు ఆవాలు అర టీస్పూను. అవి చిటపటలాడటం సగం అయ్యాక మినప్పప్పు ఒక టీస్పూను, పచ్చిశెనగపప్పు ఒక టీస్పూను. పప్పులు బంగారు రంగుకు ఇంకా రాకముందే, లేత గోధుమ రంగులో ఉండగానే రెండు ఎండుమిరపకాయలు తుంచి వేసి, కరివేపాకు వేసి, వెంటనే బీన్స్ ముక్కలు దించేయాలి. ముక్కల్లోని తడి వేడిని లాక్కుంటుంది, పప్పు అక్కడ ఆగిపోతుంది. పప్పు పూర్తిగా ఎర్రగా అయ్యేదాకా ఉంటే, ముక్కలు వేసేలోపే మాడుతుంది.

టెంకాయతో కావాలంటే పచ్చి టెంకాయ తురుము 3 టేబుల్ స్పూన్లు, పచ్చిమిరపకాయ ఒకటి, జీలకర్ర అర టీస్పూను, నీళ్ళు లేకుండా మిక్సీలో రెండుసార్లు మాత్రం తిప్పండి. మెత్తగా రుబ్బితే కూరకు అంటుకుని ముద్దవుతుంది. నీళ్ళు పూర్తిగా ఇగిరాక ఇది వేసి, ఒకసారి కలిపి, పొయ్యి ఆర్పేయాలి. టెంకాయ పొయ్యి మీద ఎక్కువసేపు ఉంటే నూనె వదిలి, తియ్యదనం పోయి, పీచుపీచుగా అవుతుంది. ఎర్రగడ్డ ఇందులో వేయకపోవడమే మేలు. దాని తడి వల్ల ఇగిరే సమయం మళ్ళీ మారిపోతుంది.

చేపల పులుసు చేసిన రోజు పక్కన ఇదే సరిపోతుంది. పులుసులో పులుపూ కారమూ నిండుగా ఉన్నాయి కాబట్టి పక్కది చప్పగా, కొంచెం తియ్యగా ఉండాలి.

మండీ మనిషి (ఒంగోలు)

వండే పద్ధతికి ముందు కాయ సంగతి చూసుకోండి. ఫ్రెంచి బీన్స్ చల్లదనం కోరే పంట. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఎండకు పూత రాలిపోతుంది. మనకు వచ్చే సరుకు ఎక్కువగా మదనపల్లె, కర్ణాటక వైపు నుంచి దిగుతుంది. కోసిన తర్వాత ఒకటి రెండు రోజులు దాటిన కాయే మన సంచిలో పడుతుందని అనుకుని ఎంచుకోవాలి.

కాయను మధ్యలో వంచితే టక్కున విరగాలి. వంగి సాగితే నీరు పోయిందని అర్థం. లోపల గింజలు పైకి ఉబ్బి కనపడితే ముదురు, నార ఎక్కువ, ఉడకడానికి రెట్టింపు సమయం పడుతుంది. తుప్పు రంగు మచ్చలున్నది తీసుకోవద్దు. పెన్సిలు కంటే సన్నగా ఉన్న కాయ తాళింపుకు మంచిది. వెడల్పు కాయ, గింజ పట్టినది పప్పులోకీ సాంబారులోకీ వేసుకోండి.

వాడిపోయినా పాడవకపోతే కొనలు తుంచి అరగంట చన్నీళ్ళలో వేయండి, మళ్ళీ బిగుసుకుంటుంది. తరిగాక మాత్రం నానబెట్టవద్దు.

ఫ్రిజ్‌లో పెట్టేముందు కడగకండి. బాగా చల్లటి చోట, అంటే 5 డిగ్రీల కంటే తక్కువలో, బీన్స్‌కు గుంటలూ తుప్పు మచ్చలూ పడతాయి. ఫ్రీజర్ కింద అరలో కాకుండా అడుగున కూరగాయల డబ్బాలో, పొడి గుడ్డలో చుట్టి పెట్టండి. నాలుగైదు రోజుల్లో వాడేయండి.

కొత్త కాపురం (సింగరాయకొండ)

వంటింటి లెక్క గారూ, మీరు చెప్పిన నిమిషాలు పాటించినా బోరునీళ్ళతో ఉడకడం లేదు. ఏడు నిమిషాలైనా కరకరలాడుతోంది. చిటికెడు వంటసోడా వేయమంటున్నారు ఇంట్లో. వేయొచ్చా?

వంటింటి లెక్క (ఒంగోలు)

సోడా వద్దమ్మా. సోడా వేస్తే రంగు ముదురు ఆకుపచ్చగా నిలుస్తుంది కానీ, కాయ గోడలు కరిగి పైన జిగటగా, లోపల ముద్దగా అవుతుంది. విటమిన్ సి, బి విటమిన్లలో కొన్ని కూడా నష్టపోతాయి. పైగా పసుపు వేసే అలవాటుంటే, సోడా తగలగానే పసుపు ఎర్రటి రంగుకు తిరుగుతుంది. కూర చూడ్డానికే బాగుండదు.

బోరునీళ్ళలో కాల్షియం ఎక్కువ ఉంటే అది కాయ గోడలను పట్టి ఉంచే పెక్టిన్‌ అనే పదార్థాన్ని బిగిస్తుంది. అందుకే కందిపప్పు కూడా ఆ నీళ్ళలో ఆలస్యంగా ఉడుకుతుంది. కూరకు కావలసింది పావు కప్పే కాబట్టి తాగే క్యాన్ నీళ్ళు వాడండి. అవి లేకపోతే బోరునీళ్ళు ముందు 10 నిమిషాలు బాగా మరిగించి, చల్లారాక అడుగున తెల్లగా పేరుకున్నది కదపకుండా పైన నీళ్ళు తీసుకోండి. బోరునీళ్ళతోనే చేయక తప్పకపోతే అర సెంటీమీటరు బదులు ఇంకా సన్నగా తరిగి, నీళ్ళు 80 మిల్లీలీటర్లకు పెంచండి.

ఇంకో మాట. ఇనప బాణలిలో నీళ్ళు పోసి ఉడికిస్తే బీన్స్ నల్లటి ఛాయకు వస్తుంది. ఇనుములో వేయించండి, ఉడికించడం మాత్రం స్టీలులోనో అల్యూమినియంలోనో పెట్టుకోండి.

ఆవిరి కుడుము (ఆత్మకూరు)

ఇన్ని లెక్కలు వద్దనుకుంటే ఇడ్లీపాత్ర ఉంది కదా. నీళ్ళు ఎంత పోయాలో, ఎప్పుడు ఇగరాలో చూసుకోనక్కర్లేదు. బోరునీళ్ళ ఇబ్బంది కూడా తగ్గుతుంది, ఆవిరిలో కాల్షియం రాదు.

పాత్రలో నీళ్ళు మరిగాక మాత్రమే బీన్స్ పెట్టాలి. ఇడ్లీ రేకుల మీద పల్చటి తడిగుడ్డ పరిచి, ముక్కలు ఒక అంగుళం మందం దాటకుండా సర్దండి. ఒక సెంటీమీటరు ముక్కలకు 6 నిమిషాలు, పొడుగ్గా మూడు అంగుళాల ముక్కలకు 8 నిమిషాలు. మధ్యలో నాలుగో నిమిషంలో మూత ఒకసారి తీసి, ఆవిరి బయటికి పోనిచ్చి మళ్ళీ పెట్టండి. రంగుకు ఇది బాగా పనిచేస్తుంది. తీసిన వెంటనే వెడల్పు పళ్ళెంలో పరిచేయాలి. గిన్నెలో గుట్టగా వదిలేస్తే ఆ వేడికే ఇంకో మూడు నిమిషాలు ఉడికినంత పని జరుగుతుంది. పొయ్యి దగ్గర అన్నీ సరిగ్గా చేసి, ఇక్కడ పోగొట్టుకుంటారు చాలామంది.

ఆరిన ముక్కలకు తిరగమోత వేసి, పెద్ద మంట మీద ఒకటిన్నర నిమిషం తిప్పితే చాలు. నూనె ఒక టీస్పూనుతో సరిపోతుంది.

రోలు రోకలి (టంగుటూరు)

ఆవిరి మీద ఉడికిన దానికి ఉప్పు పట్టదు. పైపైన ఉప్పగా, లోపల చప్పగా ఉంటుంది. దానికి రెండు దారులు. ఆవిరికి పెట్టేముందే ఉప్పు కలిపి 5 నిమిషాలు ఉంచడం ఒకటి. లేదా ఉప్పునీళ్ళలో ఉడికించి వార్చడం. ఒకటిన్నర లీటరు నీళ్ళు, 3 టీస్పూన్ల ఉప్పు, తెర్లుతుండగా పావుకిలో ముక్కలు వేసి, మూత లేకుండా 4 నిమిషాలు. నీళ్ళు ఎక్కువ ఉండబట్టే ముక్కలు పడగానే మరుగు ఆగదు, కాయలోని ఆమ్లమూ పల్చబడిపోతుంది. వార్చి, చన్నీళ్ళలో ఒక నిమిషం ముంచి, వెంటనే తీసి గుడ్డ మీద ఆరబెట్టండి. నీళ్ళలోనే నాననిస్తే రుచి నీళ్ళ పాలవుతుంది. రంగు విషయంలో ఈ పద్ధతికి సాటి లేదు. విటమిన్ సి కొంత నీళ్ళలోకి పోతుంది, అది ఒప్పుకోవాలి.

మా పక్కవాళ్ళకు వెల్లుల్లి కారం లేకపోతే వేపుడే కాదు. వెల్లుల్లి 6 రెబ్బలు, కారం ఒక టీస్పూను, జీలకర్ర అర టీస్పూను, చిటికెడు ఉప్పు. రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీ వేస్తే తడి వదిలి ముద్ద అవుతుంది. ముక్కల తడి పూర్తిగా ఆరాక, దించడానికి సరిగ్గా ఒక నిమిషం ముందు వేయాలి. ముందే వేస్తే వెల్లుల్లి మాడి చేదెక్కుతుంది, కారం నల్లబడుతుంది. నూనె తక్కువ కాబట్టి కారం అడుగంటే ప్రమాదం ఎక్కువ. మంట సన్నగా ఉంచి, కారాన్ని బాణలి మీద కాకుండా ముక్కల మీద పడేలా చల్లండి.

పథ్యం (నెల్లూరు)

తేలిక అనే మాటకు కొంచెం అంకెలు కలుపుతాను. 100 గ్రాముల పచ్చి బీన్స్‌లో సుమారు 31 కెలోరీలు, పీచు 2.7 గ్రాములు, మాంసకృత్తులు 1.8 గ్రాములు. అంటే పావుకిలో మొత్తానికి 78 కెలోరీల దాకా. రెండు టీస్పూన్ల నూనె ఒక్కటే 80 నుంచి 90 కెలోరీలు ఇస్తుంది. నూనె కూరతో సమానం అవుతోందన్న మాట. నాలుగు టేబుల్ స్పూన్లు పోసి వేయిస్తే నూనె నుంచే 480 దాకా వస్తుంది, అప్పుడు బీన్స్ తేలికన్న మాటకు అర్థం ఉండదు.

పైన చల్లుకునే వాటిలో 25 గ్రాముల పచ్చి టెంకాయ తురుము సుమారు 90 కెలోరీలు, 15 గ్రాముల వేరుశెనగ పొడి 85. నలుగురికి పంచితే ఇవేమీ భారం కాదు. అన్నీ కలిపి వేయడమే ఇబ్బంది. టెంకాయ వేస్తే వేరుశెనగ పొడి మానేయండి.

పెసరపప్పు కలిపితే కడుపు నిండుతుంది, నూనె పెరగదు. పెసరపప్పు 2 టేబుల్ స్పూన్లు అరగంట నానబెట్టి, వార్చి, బీన్స్‌తో పాటే బాణలిలో వేయండి. నీళ్ళు ఇంకో రెండు టేబుల్ స్పూన్లు ఎక్కువ పోయండి. పప్పు వేలితో నొక్కితే నలగాలి, చూడ్డానికి గింజ గింజగా ఉండాలి. కుక్కర్లో పెడితే పప్పు కరిగిపోయి కూర జారుగా అవుతుంది.

సలాడ్ పేరుతో పచ్చి బీన్స్ తినవద్దు. ఈ జాతి కాయల్లో లెక్టిన్ అనే ఒక రకం మాంసకృత్తు ఉంటుంది, పచ్చిగా తింటే వాంతులు, కడుపునొప్పి రావచ్చు. బాగా ఉడికితే అది పనిచేయదు. కరకరలాడాలని పచ్చివాసన ఉండగానే దించడం మంచిది కాదు. కొరికితే పచ్చివాసన రాకూడదు, కిర్రుమనకూడదు. అదీ గుర్తు.

మెస్ వంట (కావలి)

60 మందికి ఎంత అని అడిగేవాళ్ళ కోసం కూడా రాస్తున్నా. బీన్స్ 4 కిలోలు, నూనె 200 మిల్లీలీటర్లు, ఉప్పు 50 గ్రాములతో మొదలుపెట్టి చివర సరిచూసుకోవాలి. పావుకిలో కొలతను 16తో గుణిస్తే నీళ్ళు దాదాపు లీటరు వస్తాయి. అంత పోయకండి. పెద్ద బాణలిలో ముక్కలు గుట్టగా ఉండి, వాటి తడి వాటికే ఆవిరవుతుంది. 400 మిల్లీలీటర్లు చాలు. నిజానికి ఒకే బాణలిలో 4 కిలోలు ఉడికించడమే తప్పు. రోలు రోకలి గారు చెప్పినట్టు ఉప్పునీళ్ళలో రెండు విడతలుగా ఉడికించి, వార్చి, వెడల్పు తట్టల్లో రెండు అంగుళాల మందానికి మించకుండా పరిచి, తర్వాత తిరగమోతలో కలపాలి.

మధ్యాహ్నం క్యారేజీలోకి వెళ్ళే కూరలో పచ్చి టెంకాయ వేయవద్దు. మన ఎండల్లో, మూత బిగించిన గిన్నెలో, మూడు నాలుగు గంటలకే పులిసిన వాసన మొదలవుతుంది. దాని బదులు పప్పుల పొడి. పుట్నాలపప్పు 100 గ్రాములు, ఎండుమిరపకాయలు 8, జీలకర్ర ఒక టీస్పూను, తెల్లగడ్డ (వెల్లుల్లి) 6 పాయలు, ఉప్పు ఒక టీస్పూను. మిరపకాయల్ని నూనె లేకుండా సన్న సెగ మీద విరిగేలా వేయించి, చల్లార్చి, అన్నీ కలిపి పొడి కొట్టాలి. తెల్లగడ్డ చివర వేసి ఒక్కసారి తిప్పితే చాలు. పావుకిలో బీన్స్‌కు ఇది 2 టేబుల్ స్పూన్లు. పొయ్యి ఆర్పాక చల్లాలి. కూరలో తడి ఉంటే పొడి దాన్ని పీల్చి పిండిలా ముక్కలకు అతుక్కుంటుంది.

క్యారేజీలో వేడివేడిగా సర్ది మూత పెడితే ముక్క రంగు తప్పుతుంది. గోరువెచ్చగా అయ్యాక సర్దండి.

ఎర్రగడ్డ తెల్లగడ్డ (బుచ్చిరెడ్డిపాళెం)

మెస్ వంట అన్నా, 6 పాయలంటే గడ్డలు కాదు, రెబ్బలే కదా? కొత్తవాళ్ళు ఆరు గడ్డలు వేసేస్తారు.

మెస్ వంట (కావలి)

రెబ్బలే. ఆరు రెబ్బలు.

కొత్త కాపురం (సింగరాయకొండ)

పాటోళి (రుబ్బిన పప్పు ముద్ద కలిపి పొడిపొడిగా చేసే కూర) గురించి ఎవరూ రాయలేదు. గోరుచిక్కుడుతో చేసే పాటోళి బీన్స్‌తో కుదురుతుందా? నూనె బాగా తాగుతుందని విన్నాను.

రోలు రోకలి (టంగుటూరు)

బాగా కుదురుతుంది. నూనె తాగేది బీన్స్ కాదు, పచ్చి పప్పు ముద్ద. రుబ్బిన ముద్దను నేరుగా బాణలిలో వేసి పొడిపొడి అయ్యేదాకా వేయించాలంటే పావుకిలో కూరకు ఆరేడు టేబుల్ స్పూన్ల నూనె పడుతుంది. తగ్గిస్తే అడుగంటుతుంది. ముద్దను ముందే ఆవిరి మీద ఉడికిస్తే ఆ బాధ లేదు.

పచ్చిశెనగపప్పు 100 గ్రాములు గంటన్నర నానాలి. పూర్తిగా వార్చి, పది నిమిషాలు జల్లెడలో వదిలేయండి. ఎండుమిరపకాయలు 3, జీలకర్ర ఒక టీస్పూను, ఉప్పు అర టీస్పూను, ఇంగువ చిటికెడు వేసి, చుక్క నీళ్ళు పోయకుండా కచ్చాపచ్చాగా రుబ్బండి. మెత్తగా రుబ్బితే ఆవిరికి కేకులా బిగుసుకుని, చిదిమితే పొడి కాకుండా ముక్కలు ముక్కలుగా విరుగుతుంది. ఇడ్లీ రేకుల్లో పల్చగా, అర అంగుళం మందంలో సర్ది 12 నిమిషాలు ఉడికించండి. చాకు గుచ్చితే తడి అంటకూడదు. పూర్తిగా చల్లారాకే చేత్తో చిదమాలి. వేడిగా చిదిమితే జిగురు సాగి ఉండలు కడుతుంది.

బీన్స్ విడిగా ఉడికించి ఆరబెట్టి ఉంచుకోండి. నూనె 3 టీస్పూన్లు, తాలింపు, చిదిమిన పప్పు వేసి సన్న సెగ మీద 3 నిమిషాలు, తర్వాత బీన్స్ కలిపి ఇంకో 2 నిమిషాలు. పెన్నాతీరం గారి పరిమితి కంటే ఒక టీస్పూను ఎక్కువే. కానీ పాటోళి పొడి ఎక్కువ కాబట్టి ఆరుగురికి వస్తుంది. మజ్జిగ పులుసులోకి ఇంతకు మించిన జోడీ లేదు.

మండీ మనిషి (ఒంగోలు)

బీన్స్ ధర పెరిగిన రోజుల్లో మన దగ్గర పండే కాయలతో ఇదే పని చేసుకోవచ్చు, నిమిషాలు మాత్రం మార్చుకోవాలి. అలసంద కాయ, కొందరు బొబ్బర కాయ అంటారు, త్వరగా మెత్తబడుతుంది. 5, 6 నిమిషాలు చాలు, నీళ్ళు 3 టేబుల్ స్పూన్లు. గోరుచిక్కుడు మొండిది, కొంచెం చేదు కూడా. ఉప్పునీళ్ళలో 10 నుంచి 12 నిమిషాలు ఉడికించి వార్చాకే తాలింపులోకి రావాలి. చిటికెడు బెల్లం వేస్తే చేదు తెలియదు. గోరుచిక్కుడు ఎప్పుడూ లేతదే కొనండి, ముదిరితే ఎంత ఉడికించినా నార పంటికి తగులుతుంది.

చిక్కుడుకాయ చలికాలపు కాయ. గింజ పట్టినదైతే గింజ వేరుగా, తొక్క వేరుగా ఒలవాలి. గింజ ముందు వేసి మూడు నిమిషాలు ఉడికాక తొక్క వేయాలి.

పెన్నాతీరం (నెల్లూరు)

చాలా వివరంగా చెప్పారు, అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. ఎండాకాలంలో పెరుగుతో కలిపి చల్లగా చేసుకోవచ్చా? కోడిగుడ్డుతో పొరటు చేస్తే నీరు కారుతోంది, ఎందుకు?

ఆవిరి కుడుము (ఆత్మకూరు)

పెరుగు పచ్చడి చక్కగా వస్తుంది. బీన్స్ 150 గ్రాములు సన్నగా తరిగి, ఆవిరికి 6 నిమిషాలు పెట్టి, పూర్తిగా చల్లార్చండి. గట్టి పెరుగు ఒకటిన్నర కప్పు, ఉప్పు అర టీస్పూను చిలికి, చల్లారిన బీన్స్ కలపండి. వెచ్చగా ఉండగా కలిపితే పెరుగు విరిగి నీళ్ళు తేలుతుంది. తిరగమోత ఒక టీస్పూను నూనెలో ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు, చిటికెడు ఇంగువ. తిరగమోత కూడా గోరువెచ్చగా అయ్యాకే పోయాలి. పులిసిన పెరుగైతే ఆ పులుపుకు బీన్స్ గంటలోపే రంగు మారుతుంది. తియ్యటి పెరుగు తీసుకుని, భోజనానికి ముందు కలపండి.

ఎర్రగడ్డ తెల్లగడ్డ (బుచ్చిరెడ్డిపాళెం)

పొరటులో నీరు కారేది రెండు చోట్ల. బీన్స్‌లో తడి మిగలడం ఒకటి, గుడ్డు మరీ ఎక్కువ ఉడికి బిగుసుకుని తనలోని నీళ్ళు వదలడం రెండోది. 200 గ్రాముల బీన్స్‌కు 2 గుడ్లు. బీన్స్ ఉడికి, నీళ్ళు ఇగిరి, బాణలి అడుగున చర్రుమనే శబ్దం వచ్చేదాకా ఆగండి. ముక్కల్ని ఒక పక్కకు జరిపి, ఖాళీ అయిన చోట అర టీస్పూను నూనె వేసి, గుడ్లు కొట్టి పోయండి. 20 సెకన్లు కదపకుండా ఉంచి, అంచు బిగిశాక గంటెతో పెద్ద ముక్కలుగా విరిచి కలపండి. గుడ్డు మీద కొంచెం తడి మెరుపు ఉండగానే పొయ్యి ఆర్పాలి, మిగతాది బాణలి వేడికి అయిపోతుంది. మిరియాల పొడి అర టీస్పూను, అంతే. దీంట్లో ధనియాల పొడి, గరం మసాలా వేయకండి, గుడ్డు రుచి, కాయ రుచి రెండూ మునిగిపోతాయి.

కొత్త కాపురం (సింగరాయకొండ)

కరెంటు పొయ్యి మీద చేసేవాళ్ళకు మంట ఎంత పెట్టాలి? పెద్ద మంట, మధ్య మంట అంటే అందులో తెలియడం లేదు.

వంటింటి లెక్క (ఒంగోలు)

ఇండక్షన్ అయితే పోపుకు 800 వాట్లు, ముక్కలు వేసి తిప్పేటప్పుడు 1200, మూత పెట్టాక 600. ఇండక్షన్ మీద బాణలి నడిమి భాగమే ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి, మూత తీసి ఇగిరించేటప్పుడు అంచున ఉన్న ముక్కల్ని ప్రతి అర నిమిషానికీ మధ్యకు లాగుతూ ఉండాలి. బాణలి అడుగు చదునుగా లేకపోతే ఈ అంకెలు పనిచేయవు. అలాంటప్పుడు నీళ్ళు కుతకుతలాడే తీరును బట్టి చూసుకోండి. మూత కింద బుడగలు ఆగకుండా వస్తూ, మూత మాత్రం ఎగరకుండా ఉంటే అదే మధ్య మంట.